పాటలమ్మ గొంతు

ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రమైతే చాలు, ఊరంతా రేడియోకి చెవులప్పగించేది. పాటలు, హాస్యాలు, మధ్యమధ్యలో సబ్బు ప్రకటన. ఆ సబ్బు కంపెనీ పాటలమ్మ నాన్నది. కూతురు పాడితేనే కార్యక్రమం ఖర్చు భరిస్తానన్నాడాయన. పన్నెండేళ్ళు పాడింది. అంతా ప్రత్యక్ష ప్రసారమే కదా, తన పాట రేడియోలో ఎలా వచ్చేదో తను మాత్రం ఒక్కసారీ వినలేదు, పాపం!

డెబ్బై దాటాక కబురొచ్చింది, పాత స్టేషన్లో ఒక రికార్డు దొరికిందని.

"చచ్చేలోగా నా గొంతు నేను వినాలండీ" అంది.

"అరిగిపోయిన ప్లేటులో ఏముంటుందే, గరగర తప్ప!" అని కొట్టిపారేశాడు మొగుడు. ఒకప్పుడు ఆ కార్యక్రమానికి అనౌన్సరు ఆయనే. అయినా వెంట వచ్చాడు.

మధ్యాహ్నమే, కానీ స్టేషన్లో ఆ రికార్డు ఉన్న గదికి కిటికీల్లేవు, చీకటిగా ఉంది. గోడలకు కొట్టిన పాత గుడ్డ ముక్కిపోయి కంపు కొడుతోంది. టెక్నీషియన్ ప్లేటు మీద ముల్లు ఆనించాడు. కాసేపు గరగర. తర్వాత పడుచు వయసు అనౌన్సరు హుషారుగా, "ఇదుగో, మన పాటలమ్మ!"

ఆమె కళ్ళు తుడుచుకుంది. పాట మొదలైంది. లేత గొంతు, ఎక్కడా వణుకు లేదు.

తనది కాదు.

"ఎవరండీ ఇది?"

ఆయన నేలచూపులు చూశాడు. "నీ పాట వింటే మీ నాన్న సబ్బులు ఎవరు కొంటారే? నీ మైకుకి అసలు తీగే లేదు. వెనక గదిలో ఒక పిల్ల పాడేది. ఎవరి కంటా పడకూడదని తాళం వేసేవాణ్ణి."

పన్నెండేళ్ళు! మనిషిని ఇంత వెర్రిదాన్ని చేస్తారా? ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది.

"ఆ పిల్ల ఏమైంది?"

"చివరి ఆదివారం... సన్మానాల హడావిడి..." గొణిగాడు. "తాళం తీయడం మర్చిపోయాను. వారానికి గుర్తొచ్చింది. తలుపుకి అడ్డంగా గోడ కట్టించేశాను."

టెక్నీషియన్ గబుక్కున ముల్లు ఎత్తేశాడు. ప్లేటు ఆగింది.

ఆమె లేచి నిలబడింది. 'పాపిష్టివాడా!' అనబోయింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు...

"పాపిష్టివాడా!"

స్పీకర్లోంచి. ఆ లేత గొంతుతో.

ఆయన పెళ్ళాం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వెళ్ళి స్పీకరుకి నోరు ఆనించాడు.

"ఇంకా... లోపలే ఉన్నావా?"



పాటలమ్మ మెల్లగా తన గొంతు మీద చెయ్యి వేసుకుంది. మూసిన తలుపు తట్టినట్టు, లోపలి నుంచి ఎవరో తడుతున్నారు.