నాన్నమ్మకు రాని వీసా

“సంతకం పెట్టనంటే ఏం చేద్దాం అత్తయ్యా?”

మెట్లెక్కుతూ అడిగింది కోడలు. ఆసుపత్రిలో ఎంత రక్తం చూసినా చెదరని నర్సు... తననూ పాపనూ వదిలేసి మరొకామెతో ఇల్లు పెట్టుకున్న భర్త గుమ్మం కనిపించగానే మాత్రం ఆగిపోయింది. యూరప్‌లో ఉద్యోగం దొరికింది, వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. కానీ పాపకు వీసా ఇవ్వాలంటే తండ్రి ఒప్పుకున్నట్టు సంతకం చేయాలట! రేపే వీసా ఆఫీసుకు వెళ్ళాలి...

“నేనడుగుతాగా, పద,” అంది అత్తగారు. కొడుకు వెళ్ళిపోయినప్పటి నుంచీ కోడలినే అంటిపెట్టుకుని, పాపను గుండెల మీద పెంచిన మనిషి ఆవిడ.

తలుపు తీసిన అతని భుజం మీద నెలల పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వెనక కుర్చీల నిండా ఉతకని గుడ్డలు, బల్ల మీద కడగని పాలసీసాలు. కాగితం చదివి అతను ముఖం గంటు పెట్టుకున్నాడు.

“నా కూతుర్ని దేశం దాటించేస్తావా? కోర్టుకెళ్తాను, జాగ్రత్త!”

కోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. పాపను లాక్కుంటే!... పాప లేకుండా ఆ దేశం తనకెందుకు?

పసివాడి ఏడుపు ఇంకా హెచ్చింది. అతనే గొంతు తగ్గించాడు. “సరే, పెడతాను. అమ్మని ఇక్కడ ఉంచెయ్. మేమిద్దరం డ్యూటీలకెళ్తే వీణ్ణి చూసే దిక్కు లేదు.”

“వద్దు అత్తయ్యా!” కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. “పర్మిట్టే వదిలేస్తాను. మిమ్మల్ని ఇక్కడ వదిలి...”

“నోర్ముయ్! నన్ను తీసుకెళ్ళే దారుందేమోనని నువ్వు తిరగని ఆఫీసుందా? భర్తకీ పిల్లలకీ తప్ప అత్తకి వీసా ఇవ్వం అన్నారు. చూడ్డానికొస్తే మూణ్ణెల్లకి పంపేస్తామన్నారు. ఎలాగూ ఇక్కడే ఉండిపోయేదాన్నే కదే!”

“పాప అడిగితే ఏం చెప్పను?...”

“నాన్నమ్మ నీ తమ్ముడి దగ్గరుందని చెప్పు.” ఆవిడ కొడుకు వైపు తిరిగింది. “ముందు సంతకం పెట్టు. తర్వాతే పిల్లాణ్ణి ఎత్తుకుంటాను.”

అతను పెట్టాడు. తల్లి ముఖంలోకి చూడలేకపోయాడు.

కోడలు ఆవిణ్ణి వాటేసుకుని భోరుమంది. భయం పోలేదు... ఇప్పుడది అత్తయ్య కోసం!

“రోజూ ఫోన్ చేస్తాను. వీళ్ళు ఒక్క మాటన్నా నాతో చెప్పండి!”

“పిచ్చిదానా, వాణ్ణి కన్నది నేనే. నన్నేం చేస్తాడు?” అంది గానీ, ఆవిడ కోడలి చెయ్యి వదల్లేదు.

తలుపు మూసుకుంది. కాగితం పట్టుకుని ఆమె మెట్ల మీదే నిలబడిపోయింది. లోపలి నుంచి, రోజూ పాపను నిద్రపుచ్చే గొంతు వినిపించింది...

“ఏడవకు నాన్నా... నాన్నమ్మ వచ్చేసిందిగా...”