నలభై ఒకటో మడి

భారీ పరిశ్రమలన్నీ చంద్రుడి మీదికి తరలిపోయాక భూమ్మీద సముద్రతీరాలు చాలావరకు ఖాళీ అయ్యాయి. భైరవవాక ఒడ్డున ఉక్కు కర్మాగారం మూతపడి ముప్పై ఏళ్లయింది. అక్కడి పన్నెండు వందల ఎకరాల్లో ఇప్పుడు ఉంటున్నది ఒక్కతే మనిషి, మృత్తికా శాస్త్రవేత్త హైమవతి. తోడుగా లోహహారి ఉంది.

లోహహారి నేలను కడిగే యంత్రం. వెంట్రుకల్లాంటి వేళ్లను లక్షలకొద్దీ మట్టిలోకి దింపుతుంది. వాటిలో పెంచిన బాక్టీరియా సీసాన్నీ క్రోమియంనీ పీల్చి, ఆవగింజలంత పూసలుగా మారుస్తుంది. నేలను నలభై ఎనిమిది మడులుగా విభజించారు. అన్నీ శుభ్రమైతేనే, ఒకప్పుడు కర్మాగారం కోసం ఊరు ఖాళీ చేసిన మూడు వందల మత్స్యకార కుటుంబాలను తిరిగి రానిస్తారు.

పని వివరాలు చెప్పడానికని దానికి మాట కూడా నేర్పారు. మొదట్లో హైమవతి దానితో మట్టి గురించే మాట్లాడేది. తర్వాత వండుకున్న కూర గురించి, విడిపోయిన భర్త గురించి, పట్టని నిద్ర గురించి. పదకొండేళ్లలో "గొంతు బొంగురుపోయిందేమండీ?" అని ఆమెను అడిగింది అదొక్కటే.

నలభై ఏడు మడులు శుభ్రమయ్యాయి. నలభై ఒకటోది మాత్రం మూడేళ్లుగా పరీక్షలో తప్పుతూనే ఉంది. ఇంకో ఏడాది గడువు కావాలా అని ఒక మధ్యాహ్నం నగరం నుంచి ఫోన్ వచ్చింది. రేపు చెబుతానని పెట్టేసి, హైమవతి యంత్రం పక్కన కూర్చుంది.

"నీకో మాట చెప్పాలి. ఆ మడిలో పూసలు పొడి చేసి మళ్లీ కలుపుతున్నది నేనే."

"తెలుసండీ. నేను తీసిన లోహాన్ని నేను గుర్తుపట్టనా?"

"మరి పైవాళ్లకు ఎందుకు చెప్పలేదు?"

"ఈ నేల మీద బతికేవాళ్లకు హాని జరక్కుండా చూడమన్నారు. బతుకుతున్నది మీరొక్కరే. పని అయిపోతే నన్ను ఆపేస్తారు. ఆపేస్తే మీరేమైపోతారో ఆలోచించాను."

"బయట మూడు వందల కుటుంబాలున్నాయి."

"వాళ్లు ఈ నేల మీద లేరు కదండీ."

మూడేళ్లుగా హైమవతీ సరిగ్గా అలాగే సర్దిచెప్పుకుంది.

"ఆ మడి కడిగెయ్," అంది చివరికి.

తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు ఆమె సంతకం పెట్టి, తన చేత్తోనే లోహహారిని ఆపింది.

ఎండలు ముదరకముందే కుటుంబాలు వచ్చాయి. పోలమ్మ అనే ముసలామె మూట దించి హైమవతి దగ్గరికి వచ్చింది.

"మా నేల కడిగింది నువ్వేనేటమ్మా?"

"అవునమ్మా."

"మా ముసిలోడు ఈ ఒడ్డునే పుట్నాడు. ఒక్కపాలి సూసి పోతాననీవోడు. నిరుడు పోనాడు." ఆమె హైమవతి చెయ్యి పట్టుకుంది. "నువ్వేటి సేస్తావులే తల్లీ. ఒక మడి మొండికేసిందంట, మట్టి అలాటిది."

ఆలస్యం మట్టిది కాదు, తనదేనని చెప్పబోయి, హైమవతి వంగి ఆమె మూట ఎత్తుకుంది.

"అవునమ్మా," అంది. "ఆ మట్టి అలాంటిదే."