ఏనుగు చెట్టుకు చెప్పి రావడం

బందరులో వలందా తోటకి పేరు మంచిది కాదు.

పగలు పరవాలేదు. పగలు అది బొటానికల్ గార్డెన్. ప్రతి చెట్టుకీ ఓ రేకు ముక్క, దాని మీద లాటిన్ పేరు. సగం రేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలిపోయాయి, మిగిలినవాటిని ఎవరికి తోచిన చెట్టుకి వాళ్లు తగిలించారు. నేను చాలా ఏళ్లు ఓ మామూలు కానుగ చెట్టుని ఏదో గొప్ప దేశపు చెట్టనుకుని, దాని కింద నిలబడి ఫొటోలు కూడా దిగాను.

పొద్దు గూకాక మాత్రం... దక్షిణపు మూలకి ఎవరూ వెళ్లరు.

ఆ మూల ఏనుగు చెట్టుంది. మొదలు చూస్తే నాలుగు ఏనుగులు అటు తిరిగి నిలబడ్డట్టుంటుంది. ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిందంటారు. తెచ్చింది మా డచ్చివాళ్లని వలందపాలెం వాళ్లు, కాదు ఫ్రెంచివాళ్లని పరాసుపేట వాళ్లు, మా దొరలేనని ఇంగ్లీషుపాలెం వాళ్లు. ముగ్గురు దొరలూ వచ్చారు, ముగ్గురూ వెళ్లిపోయారు. పేటలకి పేర్లు మిగిలాయి, ఊరికి చెట్టు మిగిలింది. చెట్టు మీద ఎవరు మిగిలారన్నదే ఇప్పటికీ తేలలేదు.

రాత్రిపూట దానికి అరచెయ్యంత తెల్లపువ్వు పూస్తుంది. గబ్బిలాలు ముసురుకుంటాయి. పువ్వు రాలితే— ధబ్. నేనా చప్పుడు గోడ బయటి నుంచి ఒకసారి విన్నాను. ఆ పూట ఇంటికెలా చేరానో మా ఆవిడ చెప్తుంది, నేను చెప్పను.

ఇప్పుడు చెప్పేది నాకు జరిగింది కాదు. నాకే జరిగుంటే చెప్పడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. మా అక్క మొగుడు శోభనాద్రి బావకి జరిగింది. ఆయన నోటనే విన్నాను.

బావ కాంట్రాక్టరు. తోట చుట్టూ టైల్సు పరిచి వాకింగ్ ట్రాక్ వెయ్యడం ఆయన పని. ట్రాక్ తిన్నగా వెళ్తే ఏనుగు చెట్టు సరిగ్గా మధ్యలో ఉంటుంది. కొట్టెయ్యమని ఆర్డరొచ్చింది. ప్రారంభోత్సవానికి శిలాఫలకం కూడా చెక్కించేశారు.

గూడూరు నుంచి రంపాలవాళ్లు దిగారు. వాళ్ల మేస్త్రీ దైవాధీనం చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, రంపం కింద పెట్టేశాడు.

"చెట్టుకి చెప్పారాండీ?"

"ఏం చెప్పాలయ్యా?"

"రేపు కొడతన్నాం, ఇందులో ఉన్నోళ్లు వేరే చోటు చూసుకోండీ అని. ముందురోజు పొద్దుపోయాక పని చేయించేవాళ్లే చెప్పాలండి. పిట్టలుంటాయి, పాములుంటాయి... ఇంకెవరన్నా ఉంటారు."

"నువ్వు చర్చికెళ్లే మనిషివి. నీకెందుకయ్యా ఇవన్నీ?"

"ప్రార్థన చేసుకునే కొడతామండి. ప్రార్థన మా కోసం. చెప్పడం వాళ్ల కోసం. చెప్పకుండా కొడితే రంపం తిరగబడుద్ది."

చెట్లు కొట్టేవాళ్ల ఆనవాయితీ అది. రంపానికి పెట్రోలు వచ్చింది గానీ ఆనవాయితీ మారలేదు.

బావ నన్ను తోడు రమ్మన్నాడు. నాకు జ్వరం వచ్చింది. ఆయన అడిగాకే వచ్చిందన్నది నిజమే. కానీ వచ్చింది.

చలికాలం. ఏడున్నరకే చిమ్మచీకటి. తోట మూసేశారు. వాచ్‌మన్ గేటు తాళం తీసి, తను మాత్రం గేటుని వదల్లేదు. బావ ఒక్కడే వెళ్లాడు... పసుపు, కుంకుమ, ఓ కొబ్బరికాయ.

గాలి లేదు. ఆకు కదల్లేదు.

కాయ కొట్టడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోను లైటు ఆర్పి జేబులో పెట్టాడు. వెలుతురు పోయింది. కొట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా... ఇందులో ఎవరున్నా సరే... రేపు చెట్టు కొడుతున్నాం. దయచేసి ఖాళీ చెయ్యండి."



చీకట్లోంచి, మెల్లగా, ఎంతో మర్యాదగా—

"ఎన్నింటికండీ?"

బావ పనుల మనిషి. టైమడిగితే నోరు దానంతటదే చెప్పేస్తుంది. "తొమ్మిదింటికండీ" అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది, తోట మూసేశారని.

"త... తమరెవరండీ?"

"రామబ్రహ్మాన్నండీ."

ఫోను తీసి లైటు వేశాడు. ఎదురుగా సిమెంటు బెంచీ, దాని వెనక వైపు. తోటలో బెంచీలన్నీ పోయినవాళ్ల జ్ఞాపకార్థం ఇచ్చినవే. దీని మీదా నల్ల అక్షరాలున్నాయి—

'కీ.శే. రామబ్రహ్మం గారు.'

చెప్పులు చెట్టు కింద దొరికాయి. బావ గేటు బయట దొరికాడు.

పొద్దున్నే దైవాధీనం వచ్చాడు. "చెప్పారాండీ?"

"చెప్పాను."

"ఏమన్నారండీ?"

చెట్టుకి చెప్పడమే గానీ, చెట్టు ఏమందని అడిగితే బదులు చెప్పాల్సొస్తుందని బావ అనుకోలేదు. దైవాధీనం ఆ మొహం చూశాడు. రంపాలు సర్దించి గూడూరు బస్సెక్కాడు.

బావ దుప్పటి కప్పుకుని పడుకుని నన్ను పిలిపించాడు.

"ఒరే, ఆ రామబ్రహ్మం ఎవరో కనుక్కురా. నిజంగా పోయినవాడైతే చెట్టు జోలికెళ్లను, ట్రాక్ వంపు తిప్పించుకుంటా. ఎవడో బతికున్నవాడు వేళాకోళం చేశాడనుకో... వేరే మనుషుల్ని తెచ్చి రేపే కొట్టిస్తా."

పగటి పని కాబట్టి నా జ్వరం తగ్గింది. అడుగుతూ అడుగుతూ వలందపాలెంలో ఇల్లు పట్టుకున్నాను. ఓ పెద్దావిడ తలుపు తీసింది.

"రామబ్రహ్మం గారు పోయి ఎన్నాళ్లయిందమ్మా?"

"ఎక్కడికి పోయారూ? స్నానం చేస్తున్నారు. కూర్చోండి."

కూర్చున్నాను.

ఆయనొచ్చి సంగతంతా చెప్పారు. రిటైరైనప్పుడు సరదాపడి తోటకి బెంచీ ఇచ్చారట. పేరు రాసిన పెయింటరు అన్ని బెంచీలకీ రాసినవాడే. బెంచీ అనగానే అతని చెయ్యి ముందు 'కీ.శే.' వేసేసింది.

"చెరిపించలేదాండీ?"

"నేను బతికున్నానా లేదా అని ఏటా అడిగేది పెన్షనువాళ్లేనండీ. వాళ్లు బెంచీలు చూడరు."

"మరి చీకట్లో అక్కడేం చేస్తున్నారు?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "లడ్డూ."

ఆయనకి షుగరు. వాళ్లావిడ వెంకటలక్ష్మి గారు టీవీ ముందు కూర్చోగానే, గోడ పడిపోయిన సందులోంచి తోటలోకెళ్లి, ఒక్క బందరు లడ్డూ తినేసి వస్తారు.

"ఒక్కరే వెళ్తారా?"

"పక్కన మనిషుంటే పెట్టాలి కదండీ. అందుకే ఎప్పుడూ ఒక్కణ్ణే."

"ఆ చెట్టుని ఉప్పెన పడగొట్టలేకపోయింది" అన్నారు. "దాని తొర్రలో దూరి మా ముత్తాతలు బతికారని చెప్పుకునేవారు మా ఇంట్లో. సముద్రానికి పడంది టైల్సుకి పడాలాండీ? నేను పోయానని చెప్పండి మీ బావగారికి. నాకేం అభ్యంతరం లేదు."

ఆవిడ కాఫీ తెస్తూ, "ఎవరు పోయారూ?" అంది.

"నీకు తెలీదులే" అన్నారాయన.

కథలు రాసేవాణ్ణి, అబద్ధం రాయడం నాకు అలవాటే గానీ మొహం మీద చెప్పడం చేతకాదు. దారంతా సాధన చేసుకుంటూ వెళ్లాను.

"పోయారు బావా. చాలా కాలమైందట. మంచివారట."

బావ తలూపాడు. అక్కడికక్కడే ఇంజనీరుకి ఫోన్ చేసి ట్రాక్ వంపు తిప్పుతున్నానని చెప్పేశాడు. చెట్టు నిలిచింది. నా అబద్ధం ఒక మంచి పనికి ఉపయోగపడటం అదే మొదటిసారి. ఆ గర్వంతో కాఫీ అడుగుదామనుకుంటుండగా—

"అయితే ఆవిడ కూడా ఎప్పుడో పోయిందేనన్నమాట" అన్నాడు బావ.

"ఏ ఆవిడ?"

"ఆయన పక్కన కూర్చున్నావిడరా. పండు ముసలావిడ, తల నిండా కొంగు కప్పుకుని... నేను పరిగెత్తింది ఆయన్ని చూసనుకున్నావా? టైమడిగాడు, చెప్పాను, ఆయనతో పేచీ లేదు. ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు. లైటు పడగానే ఇటు తిరిగింది. నన్ను చూసింది. కాస్త పక్కకి జరిగి..."

బావ దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"నాకు చోటిచ్చింది."