కనిపిస్తున్నావ్, రా

చెరకు కోతలయ్యాక హింగణ్‌వాడి చుట్టూ పొలాల్లో ఆకు తగలబెడతారు. సాయంత్రం నాలుగయ్యేసరికి విమానాల మైదానమంతా తియ్యటి కమురు వాసన కమ్ముకుంటుంది. దానికి జడిసి పాఠాలు ఆపేవాళ్ళెవరూ లేరక్కడ. శిక్షణకొచ్చిన పిల్లలు ఓ వడాపావ్ నమిలి, చాయ్ గొంతులో పోసుకుని, ఇద్దరు పట్టే ఆ రెక్కల డబ్బాల్లోకి ఎక్కేస్తారు.

మైదానానికి టవర్ లేదు. గాల్లో ఎవరెక్కడున్నారో వాళ్ళే రేడియోలో చెప్పుకోవాలి. విన్నవాడికి ఆ విమానం కంటపడితేనే ‘కనిపిస్తున్నావ్, రా’ అనాలి. ఆ మాట విన్నాక మొదట పిలిచినవాడు ఇక వెతుక్కోవడం మానేసి తన దారిన తాను దిగుతాడు. అక్కడి బతుకులన్నీ ఆ ఒక్క మాట మీదే నడుస్తాయి.

రెండు నెలల కిందట గార్గి పోయింది. ఒక్కతే ఎగురుతుంటే, ఎగరడం నేర్పే సాళుంఖే సర్ విమానం ఆమెను గుద్దింది. విరిగిన చక్రంతో సర్ ఎలాగో దిగారు. గార్గి చెరకుతోటలో పడింది. ‘పిల్ల రేడియోలో నోరే విప్పలేదు’ అన్నారు సర్, విచారణకొచ్చిన వాళ్ళతో.

అక్కడే ఎగరడం నేర్చుకుంటున్న మృణ్మయి నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? గార్గి ఆమె గదిలోనే ఉండేది, నిజమే. కానీ మృణ్మయికి గాల్లో భయం పోగొట్టిన మనిషి సర్. జ్వరమొస్తే ఇంటి నుంచి శనగపిండి పిఠలం, జొన్నరొట్టె భాకరీ మోసుకొచ్చిన మనిషి. అందుకే గార్గి తల్లి వచ్చి గది గుమ్మంలో కూలబడ్డప్పుడు, మృణ్మయి తన నోటితోనే చెప్పింది: "తప్పు మన గార్గిదే, కాకూ."

ఓ సాయంత్రం మృణ్మయి ఒంటరిగా ఎగురుతోంది. సర్ ఇంకో విమానం ఇంజను పరీక్షించడానికి పైకొచ్చారు. పొగ పాల మీగడలా కట్టింది.

"మృణ్మయి. చక్కెర మిల్లు గొట్టం మీదున్నాను, వెయ్యి అడుగులు. దిగడానికి తిరుగుతున్నా."

"కనిపిస్తున్నావ్ తల్లీ, రా" అన్నారు సర్.

ఆ గొంతు వింటే చాలు ఆమెకు ధైర్యం. రన్‌వే కోసం చూపు ముందుకు తిప్పింది.

రేడియోలో గరగర. ఆ వెనకే ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు...

"అడుగు..."

ఆ గొంతు మృణ్మయికి తెలుసు. రోజూ పొద్దున్నే దుప్పటి లాగేసి లేపిన గొంతు.

"ఎటువైపున్నావో... అడగవే..."

కిటికీలు మూసే ఉన్నాయి. అయినా లోపలంతా కమురు వాసన.

"సర్..." రేడియో బటన్ మీద వేలు జారింది. మళ్ళీ నొక్కింది. "మీకు నేను ఎటువైపున్నాను?"

ఆమె పొగలోకి అటూ ఇటూ చూసింది.

"ఎడమ... ఎడమ పక్క తల్లీ."

ఆమె తల ఎత్తింది. నెత్తి మీద సర్ విమానం చక్రాలు. టైరు గాట్లు లెక్కపెట్టగలిగేంత దగ్గర!

విమానం నడిపే కర్ర ముందుకు తోసింది. విమానం ముక్కు కిందికి పడింది. ఆ చక్రాలు జానెడు ఎడంతో దాటిపోయాయి.

కిందికి దిగాక, విమానాలు పెట్టే హ్యాంగర్ వెనక సర్‌ని నిలదీసింది. "మీకు నేను కనిపించలేదు."

"ఆ పొగలో ఎవరు కనిపిస్తారు?" సర్ నుదురు తుడుచుకున్నారు. "అందరూ అనే మాటేనమ్మా అది. లేకపోతే ఎక్కడున్నావ్, ఎక్కడున్నావని గంటసేపు అరుచుకుంటూ తిరగాలి."

"గార్గికీ అన్నారా?"

సర్ జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అదీ నీలా అడిగుంటే బతికేది" అన్నారు.

మృణ్మయికి ఒళ్ళంతా మండిపోయింది. గార్గి నోరు విప్పింది. నమ్మింది కూడా. చచ్చిన పిల్ల మీదకు తప్పు తోసి, ఆ అబద్ధాన్ని కన్నతల్లికి మృణ్మయి నోటితో చెప్పించాడు ఈ మనిషి! భాకరీ తిన్న నోటితో!

"మన ఇద్దరి మధ్యే ఉండనీ" అన్నారు సర్, ఆమె భుజం తట్టి. "నీ లైసెన్సుకి ఇంకా నా సంతకం కావాలి కదా."

మర్నాడు సాయంత్రం సర్ ఒక్కరే ఎగిరారు. మిగతా విమానాలన్నీ కింద తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. మృణ్మయి వాకీటాకీ పట్టుకుని మైదానం అంచున నిలబడింది. పక్కన మెకానిక్ దగడూ మామా తంబాకు నలుపుకుంటున్నాడు.

"మిల్లు మీద, వెయ్యి అడుగులు. దిగుతున్నా." అలవాటుకొద్దీ చెప్పారు సర్.

"కనిపిస్తున్నారు సర్, రండి."

దగడూ మామా చెయ్యి ఆగిపోయింది. "ఈ పొగలో నీకేం కనిపించిందని రమ్మన్నావ్ అమ్మాయ్?"

"నేనా? నేనేమీ అనలేదు మామా."

"నీ నోరు కదలడం చూశాగా!" అంటూనే మామా తల పైకెత్తి చెవి రిక్కించాడు. గొంతు తగ్గిపోయింది. "మనవన్నీ కిందే ఉన్నాయి కదా... ఆ రెండో ఇంజను ఎవరిది?"

పొగలో రెండు చప్పుళ్ళు. ఒకటి మిల్లు వైపు నుంచి. ఇంకోటి దానికి ఎదురుగా.

చెప్పాలి. కనిపించడం లేదు సర్, పైకి లేవండి... అంతే. అంత చిన్న మాట. మృణ్మయి నోరు తెరిచింది. మాట రాలేదో, తనకే రానివ్వాలని లేదో ఆమెకు తెలియలేదు.

"ముందు ఆ బటన్ వదులు! నువ్వు నొక్కి పట్టుకుంటే ఆయన అరిచినా మనకి వినబడదు!" మామా ఆమె చెయ్యి పట్టి లాగాడు.

చెయ్యి రాలేదు. బటన్ మీద ఆమె బొటనవేలు తెల్లగా పాలిపోయి ఉంది. దాని పైన ఇంకెవరిదో వేలు... సన్నగా, చల్లగా, గట్టిగా నొక్కుతోంది.