ఇవ్వని మందుకు టిక్కులు

కుక్కపిల్ల బుడంకాయ మళ్లీ కక్కింది. పొద్దుటినుంచి ఇది మూడోసారి.

పిచ్చుక గుడ్డ తెచ్చి తుడిచింది. గిన్నెలో అన్నం, గుడ్డు ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మొన్నటిదాకా గిన్నెను కూడా మింగేసేలా తిన్న కుక్కపిల్ల ఇవాళ వాసనైనా చూడలేదు. ఒళ్లు బక్కచిక్కింది, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది.

పిచ్చుక అంటే ఆ ఇంటి అమ్మాయి. నాలుగో క్లాసు. ఒక్కచోట కుదురుగా ఉండదని నాన్న పెట్టిన పేరు. ఇవాళ మరీ కాలుకాలిన పిల్లిలా వరండాలోకీ వంటింట్లోకీ తిరుగుతోంది.

"కాస్త నిలబడవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది అమ్మ, బుడంకాయను తువాలులో చుడుతూ. "పద, డాక్టర్ దగ్గరికి."

అమ్మ ఆసుపత్రిలో నర్సు. వార్డులో మందు ఇవ్వగానే చార్టులో టిక్కు పెట్టాలి. ఇంట్లోనూ అదే పద్ధతి. మొక్కలకు నీళ్లు, నాన్న బీపీ మాత్ర, బుడంకాయ మందు, అన్నిటికీ ఫ్రిజ్ మీద ఒక కాగితం. అమ్మ ఆ కాగితం తీసి సంచిలో పెట్టుకుంది. పిచ్చుక తిరగడం ఆపేసింది.

కుక్కల డాక్టరమ్మ బుడంకాయ పొట్ట నొక్కింది. పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. అవి తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నులిపురుగుల మందు పట్టారా? మూడు రోజులు వరసగా పట్టమన్నాను."

"పట్టాం డాక్టర్‌గారూ. మా అమ్మాయే పట్టింది. ఇదిగో, మూడు టిక్కులు." అమ్మ గొంతులో గర్వం.

డాక్టరమ్మ నుదురు చిట్లించింది. "పురుగులే అనుకున్నాను. మందు పడిందంటే ఇది ఇంకేదో పెద్ద జబ్బేమో. రక్తం తీయాలి. ఇక్కడే వదిలి వెళ్లండి. ఇంత చిన్నవి త్వరగా నీరసించిపోతాయి. ఏ మాటా చెప్పలేను."

"చెప్పలేనంటే?" అంది పిచ్చుక.

ఆ మూడు రోజుల్లో జరిగింది వేరు. మొదటి రోజు మందు నోట్లో పోయగానే బుడంకాయ తూ అని ఉమ్మేసింది. అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది. లేపితే కోప్పడుతుంది. వీధిలో పిల్లలేమో ఆటకు కేకలేస్తున్నారు. పిచ్చుక టిక్కు పెట్టేసి పరిగెత్తింది. రెండో రోజు సీసా మూతే తీయలేదు. మూడో రోజు మందంతా సింకులో పారబోసింది. ఆ రెండు రోజులూ టిక్కులు మాత్రం చక్కగా పెట్టింది.

డాక్టరమ్మ సూది తీసింది. బుడంకాయ కళ్లు కూడా తెరవలేదు.

"ఆగండి!" పిచ్చుక అరిచినంత పని చేసింది. "మందు పట్టలేదు. ఒక్క రోజు కూడా. టిక్కులు ఊరికే పెట్టాను."

అమ్మ కాగితం మీది టిక్కులకేసి చూసింది. డాక్టరమ్మ సూది పక్కన పెట్టి, ముందు బుడంకాయ పెంటను మైక్రోస్కోపు కింద చూసింది.

"నిండా పురుగుల గుడ్లే" అంది. "హమ్మయ్య, ఇప్పుడు దారి తెలిసింది. సాయంత్రందాకా సెలైన్ పెడతాను. రేపటినుంచి మందు మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి చుక్క కూడా పోకూడదు."

సాయంత్రం బుడంకాయను తీసుకుని ఇంటికి బయల్దేరారు.

"వార్డులో టిక్కు ఉంటే నేనింక ఎవర్నీ అడగను. నమ్ముతాను" అంది అమ్మ. "నిన్నూ అలాగే నమ్మాను." పిచ్చుక వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు అమ్మ డ్యూటీనుంచి వచ్చి పడుకుంది. పిచ్చుక బుడంకాయను ఒళ్లో పెట్టుకుని, దవడ పక్కనుంచి నెమ్మదిగా మందు పోసింది. అది కాస్త మింగింది. అంతలోనే తల విదిలించి మిగతాది ఉమ్మేసింది.

పిచ్చుక బుడంకాయను కింద పెట్టింది. తర్వాత లేచి, అమ్మ భుజం పట్టుకుని ఊపింది.

"ఏమైందే?" అమ్మ సగం నిద్రలోనే విసుక్కుంది. "ఇప్పుడేగా కన్నంటుకుంది."

"ఉమ్మేసిందమ్మా. ఎంత లోపలికి పోయిందో నాకు తెలియట్లేదు."

అమ్మ లేచి కూర్చుంది. "ఎంత బయటికొచ్చింది?"

పిచ్చుక తన గౌను మీద పడ్డ మరకను రెండు చేతులతో లాగి పట్టుకుని చూపించింది. "ఇంత."