మధ్యాహ్నం ఒంటిగంట నీళ్లు

టెర్రస్ తలుపు తీయగానే వేడిగాలి నవీన ముఖం మీద ఫెడీమని కొట్టినట్టు తగిలింది.

టైమ్ ఒంటిగంట. ఒంటిపూట బడి అయిపోయింది. మధురానగర్ సందులో ఆటో దిగి, నాలుగంతస్తులు ఎక్కి, భుజానికున్న బ్యాగు కూడా దించకుండా నవీన నేరుగా పైకి వచ్చింది. ఏప్రిల్ సగం కూడా కాలేదు. అప్పుడే నలభై నాలుగు డిగ్రీలు. "గిసొంటి ఎండలు నా పుట్టుకల చూడలె" అని నానమ్మ చంద్రమ్మ పొద్దున్నే అంది.

తోటను చూడగానే నవీన గుమ్మంలోనే ఆగిపోయింది. మొత్తం ఇరవై కుండీలు. ముందు వరుసలో టమాట, పాలకూర, తాడు పట్టుకుని పైకి పాకుతున్న బీరతీగ. వెనక వరుసలో వంగ, మిరప. అన్నీ తలలు వేలేసి ఉన్నాయి.

నానమ్మ మాట గుర్తుకొచ్చింది. "మిట్టమధ్యాహ్నం మొక్కలు తలొంచుతయి బిడ్డా. సాయంత్రానికి అవే లేస్తయి. నడుమ మనం వాటి జోలికి పోవద్దు."

కానీ ఇప్పుడు నానమ్మ లేదు. నాన్న ఆమెను పంజాగుట్టలో కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. అమ్మ కింద ల్యాప్‌టాప్ ముందు మీటింగ్‌లో ఉంది. సాయంత్రం దాకా ఆగితే ఇవి బతుకుతాయా?

"ఆగండి, నేనున్నా కదా!" అంది నవీన మొక్కలతో.

పొద్దుటి నుంచి ఎండలో పడి ఉన్న పైపు అందుకుంది. నల్లా తిప్పింది. నీళ్లు సర్రున వచ్చాయి. టమాటకు, పాలకూరకు, బీరతీగకు... ముందు వరుసంతా తడిపేసింది. వెనక వరుసకు తిరుగుతుంటే పైపు జారి, నీళ్లు కాలి మీద పడ్డాయి.

"అమ్మో!"

ఎగిరి గంతేసింది. అవి నీళ్లు కావు. పొయ్యి మీద నుంచి దింపిన చాయ్!

గబుక్కున నల్లా కట్టేసింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. నీటి ట్యాంకు మీద ఒక పావురం మాత్రం మెడ తిప్పి తననే చూస్తోంది.

పైపు చుట్టి మూలన పెట్టింది. కిందికి వెళ్లి పెరుగన్నం తింది. "ఏం కాదులే, నీళ్లే కదా" అని తనకు తానే నాలుగుసార్లు చెప్పుకుంది.

సాయంత్రం ఆరింటికి పై నుంచి నానమ్మ కేక వినిపించింది.

నవీన వెళ్లేసరికి నానమ్మ ముందు వరుస దగ్గర చతికిలబడి ఉంది. పాలకూర ఉడికిన కూరలా కుండీకి అతుక్కుపోయింది. టమాట ఆకులు నల్లగా వడిలిపోయాయి. బీరతీగ కాలిన దారంలా వేలాడుతోంది.

మూడో అంతస్తు భార్గవ్ అప్పుడే నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు. నాలుగో తరగతి చదువుతున్నా, పెద్దయ్యాక డిటెక్టివ్ అవుతానని అపార్ట్‌మెంటు అందరికీ ముందే చెప్పి పెట్టాడు.

"ఎవరూ ఏమీ ముట్టుకోకండి!" అన్నాడు. "బామ్మగారూ, మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"ఉంది. నువ్వు జర పక్కకు జరుగు, గాలి రానీ."

"మొదటి అనుమానం, ఏసీ వేడిగాలి. రెండు, పావురం" అని భార్గవ్ రాసుకున్నాడు. "నువ్వేమంటావు నవీనా?"

నవీన చూపు పక్కకు తిప్పుకుంది. "ఎండకే అయ్యుంటది."

"ఎండకైతె వెనక వరుస గూడ పోవాలె గద?" అంది నానమ్మ. వంగ, మిరప చక్కగా తలెత్తి నిలబడి ఉన్నాయి. నానమ్మ రెండు వరుసలనూ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి ఆమె ముఖం వాడిపోయింది.

"నేనే చేసిన" అంది మెల్లగా.

"ఏంది నానమ్మా?"

"నిన్న ముందు వరుసకు పేడ నీళ్లు పోసిన. వెనక వరుసకు ఇయ్యాల పోద్దామనుకున్న. బకెట్‌కు ఒక్క మగ్గు కలపాలె. కండ్లు మసక గద, రెండో మూడో కలిపినట్టున్న. ఎక్కువైతె వేర్లు మాడిపోతయి." చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నలభై ఏండ్లు ఎవుసం చేసినదాన్ని. గింత తప్పు ఎన్నడు చెయ్యలె."

'నువ్వు కాదు, నేను' అనే మాట నవీన నోటి దాకా వచ్చింది. పళ్ల వెనక ఆగిపోయింది.

నానమ్మ ఫోన్ తీసింది. యూసుఫ్‌గూడలో నర్సరీ నడిపే కనకయ్యకు చేసింది. "కనకయ్యా, రేపు బండి తేవయ్యా. ఉన్న కుండీలన్ని తీస్కపో. నా కండ్లతోని ఇగ ఈ పని కాదు. ఉన్నవాటిని సుత చంపుత."

ఆ రాత్రి నవీన చపాతీ సగంలోనే వదిలేసింది. అంతలా మాటలు చెప్పే నానమ్మ తినగానే వెళ్లి పడుకుంది.

మర్నాడు బడి నుంచి వస్తూనే నవీన గేటు ముందు ట్రాలీ ఆటో చూసింది. అందులో అప్పటికే ఆరు కుండీలు ఉన్నాయి. కనకయ్య ఏడో కుండీ భుజాన పెట్టుకుని, చెమటలు కక్కుతూ మెట్లు దిగుతున్నాడు.

"కనకయ్య మామా, ఆగు! ఇంకొక్కటి కూడా దింపొద్దు!"

నవీన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. వెనకాలే భార్గవ్ పరిగెత్తాడు. పైన నానమ్మ బీరతీగ తాడు విప్పుతోంది.

"నానమ్మా, నువ్వు కాదు! నేనే! నిన్న మధ్యాహ్నం పైపుతోని నీళ్లు పోసిన. అవి మస్తు వేడిగున్నయి. కాలు మీద పడ్డంక తెలిసింది. భయమై చెప్పలె."

నానమ్మ చేతిలోని తాడు వదిలింది. తరువాత నవ్వి నవీన తల నిమిరింది.

"నన్ను ఓదార్చెతందుకు నీ మీదేసుకుంటున్నవా బిడ్డా? నల్లా నీళ్లకు యాడనన్న మొక్కలు కాల్తయా? పొద్దున పోస్తె చల్లగుంటయి, నాకు తెల్వదా?"

నవీన బిత్తరపోయింది. నిజం చెప్పడానికి నిన్నటి నుంచి ఎంత కష్టపడింది! తీరా చెబితే నమ్మడం లేదు!

కింద నుంచి కనకయ్య అరిచాడు. "అమ్మా, ఎండకు నెత్తి మాడుతుంది. దించమంటవా, వద్దంటవా?"

"దించు!" అంది నానమ్మ.

"వద్దు!" అంది నవీన.

"సాక్ష్యం కావాలి" అన్నాడు భార్గవ్. కిందికి ఉరికి, మూడు నిమిషాల్లో వాళ్లమ్మ జ్వరం చూసే థర్మామీటరు, స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చాడు. నవీన ఎండలో పడి ఉన్న పైపు తెచ్చి నల్లా తిప్పింది. గ్లాసు నిండింది. భార్గవ్ థర్మామీటరు ముంచాడు. అది కీచుకీచుమని అరిచింది.

"అంకె రావట్లేదు బామ్మగారూ! కొలవలేనంటోంది! మనిషైతే ఈపాటికి ఐసీయూలో ఉండేవాడు!"

నానమ్మ ఆ మిషన్‌ను పట్టించుకోలేదు. తన వేలు గ్లాసులో పెట్టింది. వెంటనే వెనక్కి లాగి, నోట్లో పెట్టుకుంది.

"వార్నీ! ఇవి నీళ్లా, సలసల కాగే ఎసరా?" పైపు వంక, నల్లని ట్యాంకు వంక చూసింది. "మా బాయి నీళ్లు మే నెలల సుత చల్లగుండె. గీ పట్నంల నీళ్లు సుత కాల్తయని నాకెట్ల తెలుస్తది?"

నవీన తల వంచుకుని నిలబడింది. తిట్లు పడతాయని ఎదురుచూసింది.

"అంటే..." నానమ్మ గొంతు మారింది. "నా పేడ నీళ్లు మంచిగనె కలిపిన్నా?"

"మంచిగనె కలిపినవ్, నానమ్మా."

"నా కండ్లకు ఏం కాలె?"

"మస్తుగున్నయి."

నానమ్మ నడుముకు కొంగు చెక్కింది. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి వంగింది. "ఓ కనకయ్యా! ఏడు కుండీలు మళ్ల పైకి తే!"

కింద కనకయ్య ట్రాలీకి ఆనుకుని తల పైకెత్తాడు. అక్కడి నుంచే అరిచాడు. "అమ్మా, లిఫ్టన్న చేపియ్యుండ్రి!"

నానమ్మ నవీన వైపు తిరిగింది. "నిన్న చెప్పి ఉంటె ఆయన మోకాళ్లు బతికేవి. పో, చల్లకడవ దించి మజ్జిగ తీస్కపో. ఒక్కొక్క కుండీకి ఒక్క గ్లాసు. మోసేది మీరిద్దరు సుత."

"నేను డిటెక్టివ్‌ని" అన్నాడు భార్గవ్.

"డిటెక్టివ్‌లకు చేతులుండయా?"

సాయంత్రానికి కుండీలన్నీ యథాస్థానంలో చేరాయి. పైన నానమ్మ పాత చీర ఒకటి నీడగా కట్టింది. పైపు నీడలోకి మారింది. తలుపు పక్కన రెండు బకెట్లు వెలిశాయి. రాత్రి పట్టి ఉంచి, తెల్లారి ఆ నీళ్లే పోయాలి. పాలకూర పోయింది. టమాటలు రెండు మిగిలాయి. బీరతీగ మొదలు మాత్రం పచ్చగానే ఉందని నానమ్మ గోటితో గీరి చూపించింది.

పన్నెండు రోజులు గడిచాయి. పొద్దున ఐదున్నర. ఎండ ఇంకా లేవలేదు. నవీన బకెట్‌లో మోచేతి దాకా చెయ్యి ముంచి చూసింది. చల్లగా ఉన్నాయి. మగ్గుతో బీరతీగ మొదట్లో పోసి, మోకాళ్ల మీద కూర్చుంది.

మొదట్లోంచి కొత్త చివురు! వేలెడంత, లేత పచ్చగా. నవీన దాన్ని తాడు మీదికి మళ్లించబోయింది.

పుటుక్.

కొస విరిగి అరచేతిలో పడింది.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ట్యాంకు మీద అదే పావురం, మెడ తిప్పి అలాగే చూస్తోంది.

నవీన పిట్టగోడ దగ్గరికి పరిగెత్తింది. అపార్ట్‌మెంటంతా లేచేలా అరిచింది.

"నానమ్మా! బీరతీగ కొస విరిగింది! ఇరిచింది నేనే!"

కింద కిటికీలోంచి నానమ్మ నవ్వు వినిపించింది. "మంచిగైంది! కొస ఇరిగితె పక్క కొమ్మలు పుడ్తయి! నీళ్లల్ల చెయ్యి పెట్టి చూసినవా?"

"చూసిన!"

మూడో అంతస్తు కిటికీ కూడా తెరుచుకుంది. "అందరూ వినండి!" అన్నాడు భార్గవ్ నిద్రగొంతుతో. "ఈమె ఇలా అన్నీ ముందే చెప్పేస్తుంటే నేనింక ఏం పరిశోధించాలి?"