పేరు పెట్టి పిలవమన్నారు

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో స్వరూప మొగుడి పేరు ఎత్తిన పాపాన పోలేదు. రేషన్ షాపులో అడిగినా, బ్యాంకులో అడిగినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "తేజస్వి వాళ్ల నాయన" అనేది. కాశిబుగ్గలో ఆ గల్లీ గల్లీ అంతా ఆమెను ఆట పట్టించేది. ఇప్పుడు డాక్టరేమో ఆయన్ను గంటకోసారి పేరు పెట్టి పిలవమన్నాడు.

"మెదడు చుట్టూ నీరు చేరుతాందమ్మా. రేపు పొద్దుగాల తీస్తం. అప్పటిదాంక పేరు పెట్టి పిలుస్తుండు. పలకకుంటే ఆగకుండ తీస్కరా."

బండి మీంచి పడ్డప్పుడు సదయ్య మెదడు వాచిపోతే, పుర్రెలోంచి అరచేయంత ఎముక తీసి దవాఖాన ఐస్‌పెట్టెలో దాచారు. రెండు నెలలకు మళ్లీ పెట్టి కుట్టారు. పది రోజులైనా తిరగలేదు, కుట్ల చుట్టూ మెత్తగా ఉబ్బింది.

మే నెల మిట్టమధ్యాహ్నం. గల్లీలో కుక్క కూడా లేదు. కరెంటు పోయింది, చుట్టుపక్కల చప్పుడన్నది లేదు. గదిలో మగ్గం నూలుకు అద్దిన రంగు వాసన, దాని మీద మందుల వాసన. స్వరూప మంచం పక్కన కూర్చుని విసురుతోంది.

"ఇగో... ఇనవడ్తాందా?"

"ఊ," అన్నాడు కళ్లు మూసుకునే. హమ్మయ్య అనుకుంది. పేరుతో పని పడలేదు.

కాసేపటికి సన్నగా ఒక చప్పుడు. సగం నిండిన బిందెను కదిపినట్టు. ఆయన తల పక్కకు తిప్పినప్పుడల్లా...

"భారతీ," అన్నాడు సదయ్య. "నెక్కొండ రైలు పోయిందా?"

విసనకర్ర ఆగింది. భారతి... దవాఖానలో పక్క మంచం దగ్గరి మనిషి. వాళ్లది నెక్కొండే. ఆమె భర్తకూ ఇలాగే ఎముక తీశారు. తిరిగి పెట్టకముందే పోయాడు పాపం. ఆయన పేరేమిటో స్వరూపకు తెలీదు. భారతి కూడా మొగుడి పేరు ఎత్తేది కాదు.

ఎముక మళ్లీ పెట్టే రోజు నర్సు ఐస్‌పెట్టెలోంచి డబ్బా పట్టుకొచ్చి పేషెంటు పేరు అడిగింది. స్వరూప సిగ్గుపడి నేల చూసింది. "సదానందమేనా?" అంది నర్సు. సదయ్యను కాయితాల్లో అలా పెద్దగా రాసుకున్నారేమో అనుకుని తలూపింది.

సదానందమంటే భారతి మొగుడేనేమో అని ఇప్పుడు తట్టింది. ఆ డబ్బాలోది ఎవరి ఎముక? మరి తన మొగుడిది...

భయం సిగ్గును మింగేసింది.

"సదయ్యా!" అని అరిచింది. "ఓ సదయ్యా!"

ఆయన కళ్లు తెరిచాడు. పరాయి ఇంటి ఆడమనిషిని చూసినట్టు చూశాడు. మర్యాదగా లేచి, లుంగీ సర్దుకుని, కాళ్లు ముడుచుకు కూర్చున్నాడు.

"నేను కాదు చెల్లె," అన్నాడు గుసగుసగా. "ఆయన బైటున్నడు. తలుపు తియ్యకు."

చెల్లె! తాళి కట్టినవాడి నోట ఆ మాట విని స్వరూపకు ఏడుపు తన్నుకొచ్చింది.

తలుపు గడియ కదిలింది.

"స్వరూపా..." బయట సదయ్య గొంతు. ఐస్‌పెట్టెలోంచి లేచొచ్చినట్టు పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "సలి పెడ్తాందే... జర తలుపు తియ్యి."

"తియ్యకు చెల్లె..."

ఆమె గడియ మీద చెయ్యి వేసింది. తలుపు కింది సందులోంచి నీళ్లు పారుతూ వచ్చి పాదాలకు తగిలాయి. ఎండకు కాగిన నీళ్లు కావవి. గోరువెచ్చగా, ఒంట్లోంచి అప్పుడే వచ్చినట్టున్నాయి.